లంబసింగి బండికి ఏ ఆయిల్?

అద్దెకి తిప్పే ఏటీవీ ఇంజిన్ పడే కష్టం రోడ్డు మీద తిరిగే మోటార్ సైకిల్‌కి తెలియదు. మోటార్ సైకిల్‌కి ఎదురుగాలి తగులుతుంది, పై గేర్లు పడతాయి. ఏటీవీ మాత్రం ఎర్రమట్టి ట్రాకులో కింది గేరు మీదే అరుస్తూ పది నిమిషాలు తిరిగి ఆగుతుంది. అది చల్లారకముందే ఇంకొకరు ఎక్కుతారు. ఎక్కేవాళ్ళలో చాలామంది అంతకుముందు దాని హ్యాండిల్ పట్టుకుని ఎరగరు. అలాంటి ఇంజిన్ ప్రాణం అడుగున ఉండే కాస్త ఆయిల్ మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం అడగాల్సిన ప్రశ్నలు వదిలేసి, సింథటిక్కా మినరలా అనే ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం.

ఈ సంవాదంలో ఇద్దరే. బావ నర్సీపట్నంలో మెకానిక్. బావమరిది ఘాటీ ఎక్కాక లంబసింగి దగ్గర చలికాలం వచ్చే జనానికి బళ్ళు తిప్పుతాడు. అన్నీ చిన్నవి, 125 సీసీ. పెద్దది ఒక్కటే, పొలారిస్ 570. సీజన్ ముందు సర్వీసుకి అన్నిటినీ కిందికి దింపాడు. నా మొగ్గు చాలావరకు బావ వైపే. అయితే బావమరిది మాటల్లో తోసిపుచ్చలేనివి ఉన్నాయి, అవి వచ్చినచోట చెబుతాను.

బావమరిది: ఈసారి అన్ని బళ్ళకీ ఫుల్ సింథటిక్ పోసెయ్ బావా. డబ్బు సంగతి నేను చూసుకుంటా. పోయినేడు రెండు బళ్ళు పొగ మొదలెట్టాయి, బోరు చేయించాల్సొచ్చింది. మినరల్ ఆయిల్‌తో ఇంక నా వల్ల కాదు.

బావ: బోరు చేసింది నేనే కదరా. తప్పు ఆయిల్ మీదికి నెట్టేముందు ఆ రెండు బళ్ళ ఎయిర్ ఫిల్టర్ ఎలా ఉందో చెప్పు.

బావమరిది: దుమ్ముంటుంది. దుమ్ములో తిరిగే బండేగా.

బావ: ఫిల్టర్‌కి బయటివైపు దుమ్ముంటే అది పని చేస్తున్నట్టు. లోపలివైపు ఉంటే? స్పాంజి తీసి, దాని వెనక కార్బరేటర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తిప్పా. వేలికి ఎర్రగా పొడి అంటింది, గోరు సందులో గరగరలాడింది. ఒక బండి స్పాంజి మూల చిరిగి ఉంది. రెండోదానికి మీ కుర్రాళ్ళు కడిగారు గానీ మళ్ళీ ఆయిల్ పట్టించలేదు, ఎండు స్పాంజే పెట్టేశారు. ఎండు స్పాంజి సన్న మట్టిని ఆపదు. ఆ మట్టిలో ఉండేది ఇసక. సిలిండర్‌కీ రింగుకీ మధ్య ఇసక చేరాక అక్కడ ఏ ఆయిల్ ఉన్నా గీతలు పడాల్సిందే. నువ్వు లీటరుకి రెట్టింపు పెట్టి కొన్నా ఆ పిస్టన్ అలాగే అరిగేది.

బావమరిది: ఫిల్టర్ సంగతి ఒప్పుకున్నా. మరి వేడి? ఇవి గాలికి చల్లబడే ఇంజిన్లు. గాలి తగలాలంటే బండి పరిగెత్తాలి. మా ట్రాకులో ఏ బండీ వేగం అందుకోదు, ఇంజిన్ మాత్రం పూర్తిగా తిరుగుతూ ఉంటుంది. పైగా ఫిన్నుల మధ్య బురద ఎండి గట్టిపడి ఉంటుంది. ఆ వేడికి మినరల్ ఆయిల్ మాడిపోతుంది బావా. సింథటిక్ మాడదు.

బావ: మాడకపోవడం ఏమీ ఉండదు. ఆలస్యంగా మాడుతుంది.

బావమరిది: ఆ ఆలస్యమే నాక్కావాలి.

ఇక్కడ బావమరిదిది గట్టి మాట. ఆయిల్ వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది. చిక్కబడుతుంది, జిగురూ ఆమ్లాలూ పుడతాయి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ చెడిపోయే వేగం ఉజ్జాయింపుగా రెట్టింపవుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ముడిచమురు నుంచి మామూలుగా శుద్ధిచేసి తీసిన మినరల్ ఆయిల్‌లో రకరకాల అణువులు కలగలిసి ఉంటాయి. వాటిలో కొన్ని త్వరగా ఆవిరవుతాయి, కొన్ని త్వరగా పాడవుతాయి. సింథటిక్‌లో అణువులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి వేడికి తట్టుకుంటుంది, ఆవిరి కావడం తక్కువ. గాలికి చల్లబడే ఇంజిన్‌లో రాపిడి తగ్గించడంతో పాటు లోపలి వేడిని మోసుకుపోయే పని కూడా ఆయిల్‌దే. నీళ్ళతో చల్లబడే ఇంజిన్ కన్నా ఇలాంటి ఇంజిన్‌కే మంచి ఆయిల్ అవసరం ఎక్కువ అనే వాదన ఒట్టి ప్రచారం కాదు.

బావ: వేడి సంగతిలో సింథటిక్‌దే పైచేయి, కాదనను. అయితే నువ్వు దాన్ని ఎందుకు అడుగుతున్నావో నాకు తెలుసు. ఒకసారి పోసి సంక్రాంతి దాటేదాకా మళ్ళీ నట్టు విప్పకూడదని.

బావమరిది: ఎక్కువ కాలం ఆగుతుందనేగా అంత డబ్బు పెట్టేది!

బావ: కారులో ఆగుతుంది. ఈ చిన్న బళ్ళ ఇంజిన్ వంశం 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ దగ్గర మొదలైంది. సిలిండర్ పడుకుని ఉంటుంది, ఇంజిన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ కలిపి ఆయిల్ ఒక్కటే, అదీ ముప్పావు లీటరుకి అటూ ఇటూ. మీ బళ్ళకి కారులో ఉన్నట్టు కాగితం ఫిల్టర్ లేదు. అడుగున ఒక జాలీ ఉంది, క్రాంక్ చివర తిరుగుతూ బరువైన మట్టిని పక్కకి తోసే ఒక కప్పు ఉంది. అంతే. జాలీ పెద్ద ముక్కల్ని ఆపుతుంది గానీ సన్న పొడి దాంట్లోంచి దర్జాగా వెళ్ళిపోతుంది. గేరు పళ్ళు అరిగిన ఇనుప రజను, క్లచ్ అరిగిన పొడి, లోపలికొచ్చిన మట్టి, అన్నీ ఆ ముప్పావు లీటరులోనే తిరుగుతుంటాయి. వాటిని బయటికి పంపాలంటే ఒకటే దారి, నట్టు విప్పి మొత్తం దించెయ్యడం. ఆయిల్ ఇంకా బాగానే ఉండొచ్చు, దాంట్లో ఉన్న చెత్త బాగుండదు కదా.

నా ఓటు బావ వైపు పడింది ఈ మాట దగ్గరే. సింథటిక్ గురించి చెప్పే గొప్పల్లో అతి పెద్దది దాని ఆయుష్షు. ఫిల్టర్ లేని ఇంజిన్‌లో ఆ ఆయుష్షుని వాడుకునే వీలే లేదు. వాడుకోబోతే నష్టం ఇంజిన్‌కే. హోండా రాంచర్ లాంటి పెద్ద ఏటీవీకి మంచి ఫిల్టర్ ఉండి కూడా, మాన్యువల్‌లో తొలిసారి 20 గంటలకో 150 కిలోమీటర్లకో మార్చమని, ఆ తర్వాత 100 గంటలకో 1000 కిలోమీటర్లకో మార్చమని ఉంటుంది. ఫిల్టరే లేని చిన్న బండి అంతకంటే చాలా ముందే అడుగుతుంది.

బావమరిది: చలి మాటేంటి మరి? డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున సున్నాకి దగ్గరగా పడిపోతుంది. చెరువులవేనం మంచు చూద్దామని జనం చీకటుండగానే వస్తారు. బళ్ళు కిక్కులు కొట్టగా కొట్టగా లేస్తాయి. పల్చటి సింథటిక్ అయితే వెంటనే పైకి పాకుతుంది కదా.

బావ: డబ్బా మీద 10డబ్ల్యూ అని ఉంటే దాని లెక్క ఇదీ. మైనస్ 25 డిగ్రీల దగ్గర కూడా స్టార్టర్ ఇంజిన్‌ని తిప్పగలగాలి, మైనస్ 30 దగ్గర కూడా పంపు దాన్ని లాగగలగాలి. ఆ పరీక్ష మినరల్ అయినా నెగ్గాల్సిందే, సింథటిక్ అయినా నెగ్గాల్సిందే. కెనడాలో, అలాస్కాలో ఏటీవీకి ముందు పార కట్టి మంచు తోస్తారు. వాళ్ళకి 0డబ్ల్యూ, 5డబ్ల్యూ సింథటిక్ కావాలి, అది లేకపోతే బండి లేవదు. లంబసింగి చలి ఆయిల్‌కి చలే కాదు. పాత అలవాటు కొద్దీ 20డబ్ల్యూ పోసినా మైనస్ 15 దాకా దానికి అడ్డు లేదు. నీ బళ్ళు లేవకపోవడానికి ప్లగ్గు చూడు, కార్బరేటర్ చూడు.

బావమరిది: అంటే చలి వల్ల నష్టమే లేదంటావా?

బావ: ఉంది, నువ్వనుకునే దారిలో కాదు. ఇలా రా, ఈ డిప్‌స్టిక్ చూడు. తుడిచాను, మళ్ళీ పెట్టాను. మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లేనిది ఉన్నట్టు కనబడుతుంది. మీ వాళ్ళు బిగించే చూస్తున్నారు. ఇప్పుడు తీశాను. ఎక్కడిదాకా ఉంది?

బావమరిది: పై గీత దాటింది. ఆయిల్ తగ్గాలి గానీ పెరగడమేంటి?

బావ: వాసన చూడు.

బావమరిది: పెట్రోల్.

బావ: పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తారు, లాగిన చోక్ మళ్ళీ లోపలికి నెట్టరు. పది నిమిషాలు తిప్పి ఆపేస్తారు. తెల్లవారుజామున వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి రెండో మనిషి వచ్చేసరికి ఇంజిన్ మళ్ళీ చల్లబడుతుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడ మీద జారి కిందికి దిగుతుంది. లోపల పుట్టిన తేమ ఆవిరి కావడానికి కావాల్సినంత వేడి రాదు. మధ్యాహ్నం అదే బండి మండిపోతుంది, పొద్దున మాత్రం అసలు వేడెక్కదు. పెట్రోల్ కలిసిన సింథటిక్ కన్నా పెట్రోల్ కలవని మినరల్ నయం. ఈ బురదబండి వాగులో దిగి వచ్చిన రోజు సంగతి సరేసరి. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే ఏ కంపెనీదైనా, ఎంత పెట్టి కొన్నదైనా ఆ క్షణమే దించెయ్యాలి.

పొద్దుట చలికి వేడెక్కని ఇంజిన్, మధ్యాహ్నం గాలి తగలక కాగిపోయే ఇంజిన్, రెండూ ఒకటే బండి. లంబసింగి లాంటి చోట ఈ రెండు కష్టాలూ ఒకే రోజు వస్తాయి. సింథటిక్ రెండోదానికి కొంత విరుగుడు. మొదటిదానికి విరుగుడు ఆయిల్ మార్చడమే. మొదటిది కంటికి కనబడదు, డిప్‌స్టిక్ వాసన చూసేవాడికే తెలుస్తుంది. అందుకే నాకు దాని గురించే దిగులు ఎక్కువ.

బావమరిది: సరే, విశాఖలో ఒకచోట ఈ డబ్బాలు తగ్గింపులో దొరికితే తెచ్చా. ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-30. ఎలాగూ తెచ్చాను కాబట్టి పోసేద్దాం.

బావ: ఇవి కారువి. వెనక గుండ్రటి ముద్ర కింద ఏం రాసుందో చదువు.

బావమరిది: రిసోర్స్ కన్సర్వింగ్. ఇంధనం ఆదా అనేగా? మంచిదే కదా.

బావ: కారుకి మంచిదే. కారులో క్లచ్ పొడిగా వేరే గదిలో ఉంటుంది. మన చిన్న బండిలో క్లచ్ ఈ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. చేతికి క్లచ్ లీవర్ లేదని క్లచ్చే లేదనుకుంటారు మీ కుర్రాళ్ళు; ఉంది, దానంతట అదే పట్టుకుంటుంది, అంతే తేడా. ఇంధనం ఆదా కోసం ఇలాంటి ఆయిల్‌లో జారుడు పెంచే మందులు కలుపుతారు. పిస్టన్ దగ్గర జారితే లాభం, క్లచ్ దగ్గర జారితే కొంప మునిగినట్టే. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, ప్లేట్లు మాడిన వాసన వస్తుంది. జపాన్ వాళ్ళు 1998లో జాసో అని ఒక ప్రమాణం పెట్టింది ఇందుకే. ఎంఏ, ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కి పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే జారుడు ఎక్కువ, బెల్టుతో నడిచే స్కూటర్లకి. నాకు డబ్బా ముందువైపు పెద్ద బంగారు రంగు అక్షరాలతో పని లేదు. వెనక ఈ చిన్న అక్షరాలు చూశాకే మూత తీస్తా.

బావమరిది: అయితే జాసో ఎంఏ2 ఉన్న సింథటిక్కే తెస్తా. అప్పుడు నీకు అభ్యంతరం ఏంటి?

బావ: అప్పుడు అభ్యంతరం డబ్బు దగ్గరే. ఆ సింథటిక్ లోపల ఏముందో కూడా చెప్పమంటావా? ఒకప్పుడు సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో అణువు అణువూ కూర్చి కట్టినదే, పీఏవోనో ఎస్టరో. ముడిచమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధిచేసిన గ్రూప్ 3 ఆయిల్ తర్వాత వచ్చింది. దాన్ని కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చని అమెరికాలో ప్రకటనల వివాదాలు తీర్చే సంస్థ 1999లో తేల్చింది. మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య తగువది. ఇప్పుడు షాపులో ఫుల్ సింథటిక్ అన్న డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఈ గ్రూప్ 3నే.

బావమరిది: అది మోసమంటావా?

బావ: మోసమనను. గ్రూప్ 3 మంచి ఆయిలే, మామూలు మినరల్ కన్నా వేడికి బాగా ఆగుతుంది. కానీ నువ్వు ఊహించుకుంటున్నంత దూరం లేదు రెండిటికీ మధ్య.

బావమరిది: దూరం ఎంతైనా ఉందిగా! ఇంకోటి చెబుతా విను. 20డబ్ల్యూ-50, 10డబ్ల్యూ-40 అని రెండంకెల మధ్య ఎడం పెంచడానికి ఆయిల్‌లో పొడుగాటి పాలిమర్లు కలుపుతారు. మన బండిలో గేర్లు కూడా ఇదే ఆయిల్‌లో తిరుగుతాయని నువ్వే అన్నావు. గేరు పళ్ళ మధ్య పడి ఆ పాలిమర్లు తెగిపోతాయి. కొన్నప్పుడు 40 ఉన్నది కొన్నాళ్ళకి 30 అవుతుంది. సింథటిక్‌కి ఆ పాలిమర్ల అవసరం తక్కువ కాబట్టి చిక్కదనం నిలుస్తుంది. దీనికేమంటావు?

బావ: ఇది ఎక్కడ చదివావో గానీ నిజం. గేరు మార్చేటప్పుడు పట్టేసినట్టు కరుకుగా తగలడం మొదలైతే ఆయిల్ తెగిపోయిందని మేము లెక్కేసుకునేది దీన్నే.

బావమరిది: మరి?

బావ: మరి, గేరు కరుకుగా తగిలేదాకా ఆగకుండా ముందే మారిస్తే ఆ తెగిపోయిన పాలిమర్ కూడా ఆ నల్ల ఆయిల్‌తో పాటే పోతుంది. నేను తిరిగి తిరిగి అక్కడికే వస్తా.

నాకు మాత్రం ఇక్కడ బావ కాస్త తప్పించుకున్నాడనిపించింది. ముందే మార్చాలి అనడం తేలిక. సీజన్‌లో శని, ఆదివారాల్లో జనం క్యూ కట్టి నిలబడి ఉంటే, బండి పక్కన పెట్టి ఆయిల్ దించే యజమాని అరుదు. మనిషి ఆలస్యం చేస్తాడని తెలిసినప్పుడు ఆ ఆలస్యాన్ని కొంత భరించే ఆయిల్ పోయడం తెలివితక్కువ పనేమీ కాదు. బావమరిది వాదనలో అసలు బలం నాకు ఇక్కడే కనబడింది, అతను పైకి అనకపోయినా.

బావమరిది: పెద్ద బండికైనా సింథటిక్ పోస్తావా, దానికీ ఇదే గొడవా?

బావ: దానికి సింథటిక్కే. అందులో వాదనే లేదు. దానికి రేడియేటర్ ఉంది, అసలు ఫిల్టర్ ఉంది, క్లచ్‌కీ ఇంజిన్ ఆయిల్‌కీ సంబంధం లేదు. పొడి బెల్టు మీద నడుస్తుంది, గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. పుస్తకంలో 5డబ్ల్యూ-50 ఫుల్ సింథటిక్ అని రాశారు. 5కీ 50కీ మధ్య అంత ఎడం మినరల్‌తో నిలబెట్టడం కష్టం. రెండు లీటర్లకి కాస్త తక్కువ పడుతుంది. ఆ బండి తయారుచేసినవాడు ఆ ఆయిల్‌ని చూసుకునే దాని లోపలి సందులు పెట్టాడు. అక్కడ నేను నా మినరల్ తెచ్చి పొయ్యను.

బావమరిది: చిన్నవాటికి మినరల్, పెద్దదానికి సింథటిక్. కుర్రాళ్ళు పొరపాటున ఒకదాంట్లో ఇంకోటి కలిపేస్తే?

బావ: సింథటిక్, మినరల్ కలిస్తే పేలిపోయేదేం లేదు. రెండూ కలుస్తాయి. అవసరంలో దారి మధ్యలో ఏది దొరికితే అది కలిపి బండి ఇంటికి తెచ్చుకోవచ్చు. సింథటిక్ పోస్తే సీళ్ళు కారతాయనే మాట కూడా అలాంటిదే. తొలి రోజుల సింథటిక్‌లతో కొన్ని రబ్బరు సీళ్ళకి ఇబ్బంది వచ్చింది నిజమే. ఇప్పటివాటికి అది లేదు. కారే సీలు ముందే అరిగి ఉంటుంది. చిన్నవాటిలోకి కారు ఆయిల్ మాత్రం పోనివ్వకు. అది క్లచ్‌ని పాడు చేస్తుంది, దించేసి వేరేది పోసినా ప్లేట్లలో పీల్చుకున్నది అంత తేలిగ్గా పోదు.

బావమరిది: ఈ నెలలో ఇంకో రెండు కొత్త 125లు వస్తున్నాయి. వాటికి మొదటి నుంచే సింథటిక్ పోస్తే?

బావ: కొత్తదానికి ముందు మినరల్. రింగులు సిలిండర్‌కి సర్దుకోవాలి, ఆ సర్దుకోవడంలో ఇనుప రజను రాలుతుంది. ఇరవై గంటల లోపే దించెయ్యాలి, జాలీ తీసి కడగాలి. ఆ కొద్ది గంటలకి ఖరీదైన ఆయిల్ పోసి పారబొయ్యడం దండగ. సింథటిక్ పోస్తే రింగులు సర్దుకోవనేది నేను నమ్మను, కొన్ని కంపెనీలు సింథటిక్‌తోనే బండి పంపుతాయి. నాది ఖర్చు లెక్కే.

బావమరిది: నీ లెక్కంతా ఖర్చు దగ్గరే ఆగుతోంది. ఒక బోరు ఖర్చుతో నేను ఎన్ని లీటర్ల సింథటిక్ కొనొచ్చో ఆలోచించు. నాలుగు బళ్ళకి సీజన్‌లో అదనంగా అయ్యేది అంతకన్నా తక్కువే.

బావ: నువ్వు సింథటిక్ పోసి, నేను చెప్పిన గంటలకే మారుస్తానంటే నాకు ఒక్క మాట కూడా లేదు. మండిపోయే మధ్యాహ్నాలకి అది మంచిదే. మార్చే గంటలు పెంచుతానంటేనే ఒప్పుకోను. గంటలు లెక్కపెట్టే మీటరు ఒక్కో బండికి బిగించు, చవకలోనే దొరుకుతుంది. అది లేకుండా ఎన్ని గంటలు తిరిగిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

బావమరిది: మీటర్లు పెట్టిస్తా. కానీ ఘాటీ ఎక్కి దిగే బళ్ళు రెండున్నాయి, ఎక్కువ లోడు వాటి మీదే. వాటికి ఎంఏ2 సింథటిక్ పొయ్యి. మిగతావాటికి నీ మినరల్ 10డబ్ల్యూ-40. అన్నిటికీ ఒకే గంటలకి దించుదాం.

బావ: సరే. డబ్బాలు వేరు వేరు బల్లల మీద పెట్టించు, బండి మీద పెయింట్‌తో గుర్తు వేయించు. ఆ తెచ్చిన కారు డబ్బాలు షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడుగు. ఫిల్టర్ స్పాంజీలు రేపు పొద్దున్నే నా ముందు కడిగించు, కిరోసిన్‌లో ముంచి, సబ్బునీళ్ళతో పిండి, ఆరాక ఆయిల్ పట్టించి. మెలిపెట్టి పిండితే చిరుగుతాయి, అరచేతుల మధ్య నొక్కాలి. చిరిగిన ఆ ఒక్కటి పారేసి కొత్తది తెప్పించు.

బావమరిది: అది నర్సీపట్నంలో దొరకలేదు. విశాఖలో చెప్పాను, గురువారం వస్తుందన్నారు.

బావ: అయితే గురువారం దాకా ఆ బండి కదలదు.